మూరెడు తేడా

ఆదోని వెళ్లి వచ్చానంటే మా కాకినాడలో ప్రతివాడూ అడిగే మొదటి మాట ఒకటే. "అక్కడ తాగడానికి నీళ్లు దొరుకుతాయా మాస్టారూ?" మా వాళ్లకు రాయలసీమ అంటే రాళ్లు, ఎండ, దాహం. అంతకు మించి తెలియదు. నాకు మాత్రం తెలుసా? నేనూ రెండు మరచెంబుల నిండా నీళ్లు పోసుకుని మరీ బయల్దేరాను. దారిలో ఒకటి కారిపోయి, పెట్టెలో ఉన్న నాలుగు చొక్కాల్లో మూడు తడిసిపోయాయి. అలా మొదలైంది నా యాత్ర.

నేను సర్వే నేర్పే బడిలో పంతులుని. నేల మీద గొలుసు లాగడం, దుర్బిణిలో చూసి ఎత్తుపల్లాలు లెక్కకట్టడం, పటం గీయడం పిల్లలకు నేర్పి ఉద్యోగాలకు పంపిస్తాను. పంపించాక వాళ్లు ఏమయ్యారో చూడ్డానికి ఇన్నేళ్లలో ఒక్కసారీ వెళ్లలేదు. కోడి కూడా గుడ్లు పొదిగి పిల్లల్ని చేశాక నాలుగు రోజులు వెంట తిరుగుతుంది. మేం అదీ చెయ్యం. సర్టిఫికెట్ చేతికిచ్చి, "వెళ్లిరా బాబూ" అంటాం.

ఈసారి వెళ్లాల్సి వచ్చింది. వారం తేడాలో రెండు ఉత్తరాలొచ్చాయి. మొదటిది ఎమ్మిగనూరులో ఉన్న ఇంజనీరుగారిది. కాలవ నుంచి ఒక ఊరి చెరువుకు తాగునీళ్లు తీసుకెళ్లే పని ఆయనది. "మీ శిష్యురాలు ఎస్తేరు తీసిన మట్టాలు కలవడం లేదు. రవ్వంత సర్దుకోమంటే మొండికేస్తోంది. ఈ నెలాఖరుకు తేల్చకపోతే ఆమె పని తీరు బాగాలేదని రాసి పంపక తప్పదు. ఉద్యోగం పోతుంది. మీరే వచ్చి నచ్చచెప్పండి" అని రాశారు. రెండోది ఎస్తేరు రాసిన కార్డు. అందులో మూడే వాక్యాలు. "సార్, నా లెక్క సరిగ్గానే ఉంది. రాయే సరిగా లేదు. ఈ మాట ఎవరూ నమ్మడం లేదు."

నిజం చెప్పొద్దూ, నేను బయల్దేరింది ఆ పిల్లకు బుద్ధి చెప్పడానికే. బతకడం చేతకాని సత్యసంధత ఎందుకు, ఉద్యోగం నిలబెట్టుకోమని చెబుదామనే రైలెక్కాను.

గుంతకల్లు దాటాక

చిన్న పట్టాల రైలు గుంతకల్లు చేరేసరికి ఒళ్లు హూనమైంది. అక్కడ పెద్ద బండిలోకి మారాను. కిటికీ బయట చూస్తే ఎంతదూరమైనా అడ్డం లేదు. మా వైపు చూపు పది గజాలు పోయేసరికి కొబ్బరిచెట్టు తగులుతుంది. ఇక్కడ చూపు పోయి పోయి అలిసి తిరిగొస్తుంది.

ఎదుటి బల్ల మీద పత్తి వ్యాపారి ఒకాయన కూర్చున్నాడు. ఒడిలో చిన్న గుడ్డమూట. అందులోంచి పిడికెడు దూది తీసి, రెండు వేళ్లతో సాగదీసి పీచు పొడుగు చూసి, మళ్లీ లోపల పెట్టుకుంటున్నాడు. పక్కనున్నాయనతో కన్నడంలో, టీ అమ్మేవాడితో ఉర్దూలో, నాతో తెలుగులో మాట్లాడాడు. మూడింట్లోనూ బేరమే.

"యాడికి సామీ?" అన్నాడు.

"ఆదోని. అక్కడ మా శిష్యురాలు సర్వే పని చేస్తోంది."

"ఆడపిల్లా? ఎండల్లో? శానా గట్టిపిల్లే!" అని మెచ్చుకుని, దోసెడు వేయించిన శెనక్కాయలు నా చేతిలో పోశాడు. మా వైపు రైల్లో ఎదుటివాడు తింటుంటే మనం కిటికీలోంచి చూడాలి. ఇక్కడ పెట్టకుండా తినడం తప్పట.

ఆదోనిలో ఉగ్గాని

ఎస్తేరు స్టేషనుకు వచ్చింది. నల్లబడింది, చిక్కింది. నెత్తిన తువ్వాలు, కాళ్లకు మగవాళ్ల బూట్లు. ఊరు సి.బెళగల్ దగ్గర. తల్లీ తండ్రీ కూలికి పోతారు. చర్చివాళ్ల హాస్టల్లో చదువుకుని మా బడికి వచ్చింది. తరగతిలో అడిగితే తప్ప నోరు విప్పేది కాదు. అడిగితే మాత్రం సూటిగా చెప్పేది.

"వచ్చినారా సార్! మీరు రారేమో అనుకుంటి."

"రాక చస్తానా? ముందు ఏదైనా పెట్టించు. కోపం తరవాత పడతాను" అన్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంటావిడ అంటుంది. ఆకలేస్తే అది నెత్తికెక్కుతుంది.

బజారులో ఒక రేకుల పాక కింద కూర్చున్నాం. ఎదురుగా పత్తి బళ్లు వరసగా నిలబడి ఉన్నాయి. గాలి తోలినప్పుడల్లా దూది తేలుతూ వచ్చి టీ గ్లాసులో పడుతోంది. ప్లేటులో పెట్టి తెచ్చింది చూస్తే మరమరాలు! వీళ్లు బొరుగులంటారు. నీళ్లలో తడిపి, పిండి, ఉల్లిపాయలు పచ్చిమిరపకాయలతో తాలింపు వేసి, పైన పుట్నాలపొడి చల్లారు. పేరు ఉగ్గాని. పక్కన వేలెడేసి మిరపకాయ బజ్జీలు. మా వైపు మరమరాలు పిల్లలు కొంగులో పోసుకుని తినే తిండి. తడిసిన మరమరాలు ఎవరు తింటారు మహానుభావా అనుకుంటూ నోట్లో పెట్టుకున్నాను. రెండో ప్లేటు నేనే అడిగాను. ప్లేటు రూపాయి, టీ నలభై పైసలు. బజ్జీ కొరికాక టీ కాదు, ఉన్న ఒక్క మరచెంబూ ఖాళీ అయింది. ఎస్తేరు నవ్వడం ఆ పొద్దు అదే మొదలు.

"ఏదీ, నీ పుస్తకం తియ్యి" అన్నాను.

దుర్బిణిలో చూసినవి చూసినట్టు రాసుకునే పుస్తకం అది. చదివేవాళ్ల కోసం ఇక్కడ రెండు ముక్కలు చెప్పాలి. సముద్రమట్టానికి ఇంత ఎత్తు అని తెల్లవాళ్ల కాలంలోనే లెక్కకట్టి అక్కడక్కడా రాళ్లు పాతారు. వాటి ఎత్తులన్నీ రిజిస్టరులో ఉంటాయి. ఎస్తేరు ఆదోని దగ్గరి రాయి నుంచి బయల్దేరి, అడుగడుగునా మట్టాలు తీసుకుంటూ, మైళ్లు నడిచి ఆ ఊళ్లో ఉన్న రాయిని చేరింది. తన లెక్కలో వచ్చిన ఎత్తూ రిజిస్టరులో ఎత్తూ ఒకటి కావాలి. కాలేదు. ఊరి రాయి రిజిస్టరు కంటే మూరెడు ఎత్తున ఉందని వచ్చింది.

పుటలు తిప్పాను. వెళ్లేటప్పుడు తీసిన మట్టాలు, తిరిగొచ్చేటప్పుడు తీసినవి వెంట్రుకవాసి తేడా లేకుండా కలిశాయి. అలా మూడుసార్లు వెళ్లి వచ్చింది. ఒక్కచోట కొట్టివేత లేదు, దిద్దుబాటు లేదు. పది పుటలు చూడగానే నాకు తెలిసిపోయింది, తప్పు పిల్లది కాదు. లోపల ఎక్కడో కలుక్కుమంది. అది ఎందుకో తరవాత చెబుతాను.

"మూడుతూర్లు పోయివచ్చినా సార్. ఇంజనీరు సారు ఏమంటాడంటే, రాయి పెరగతాదా, దానికేమన్నా నీళ్లు పోసినారా అంటాడు. ఆ మూరెడూ దారి పొడుగునా రవంత రవంత పంచేసి, కలిసిందని రాసేయమంటాడు."

"రాసేస్తే నీ ఉద్యోగం ఉంటుంది గదా?"

"ఉంటాది. ఊరికి నీళ్లు రావు గదా సార్."

అదీ సంగతి. అక్కడ నేలంతా చాపలా పరిచినట్టుంటుంది. ఆ మూరెడూ లెక్కలో సర్దేస్తే, కాగితం మీద ఊరు మూరెడు పల్లమవుతుంది. దాన్ని నమ్మి కాలవ తవ్వుతారు. నిజమైన ఊరు మాత్రం ఎత్తునే ఉంటుంది. నీళ్లు ఊరి బయట ఆగిపోతాయి, ఎత్తెక్కమంటే ఎక్కుతాయా?

బుద్ధి చెబుదామని కాకినాడ నుంచి మోసుకొచ్చిన మాటలన్నీ దండగయ్యాయి. "ఇంతకూ మీరు చెప్పండి సార్. మీకెప్పుడన్నా ఇట్ల కలవకుండా పోయినాదా? ఏం చేసినారు?" అంది. నేను టీ వాడిని పిలిచి చిల్లర ఇవ్వలేదేమని కేకలేశాను. వాడు ఇచ్చే ఉన్నాడు పాపం.

నల్లరేగడి మీద

మర్నాడు ముగ్గురం ఆ రాయి ఉన్న ఊరికి బయల్దేరాం. మూడో మనిషి లక్ష్మన్న. అంకెలు వేసిన కొలతకర్రను నిటారుగా పట్టుకుని నిలబడే పని అతనిది. యాభై దాటినవాడు, మాట తక్కువ. ఆఖరి రెండు మైళ్లు మళ్లీ మట్టాలు తీస్తూ వెళ్దామన్నాను. తీసేది ఎస్తేరే. నేను గొడుగు పట్టాను. పంతులు శిష్యురాలికి గొడుగు పట్టడం చూసి లక్ష్మన్న మీసాల్లో నవ్వుకున్నాడు.

నల్లరేగడి నేల గురించి పుస్తకాల్లో చదివి పాఠం చెప్పడమే తప్ప, కాలికింద తగలడం ఇదే. మాఘమాసానికే నెర్రెలిచ్చింది. నా చెప్పు ఒకటి నెర్రెలో ఇరుక్కుని తెగింది. లక్ష్మన్న పత్తికట్టె నార తీసి కట్టిచ్చాడు. ఆ చెప్పుతోనే కాకినాడ దాకా వచ్చాను.

జొన్నచేలో కంకులు కోస్తున్న ఆడవాళ్లు పని ఆపి చుట్టూ చేరారు.

"ఏం పాపా, ఆ గొట్టంలో ఏం కనపడతాది? నీ మొగుడు కనపడతాండాడా?"

"నువ్వే సూడక్కా" అని ఎస్తేరు పక్కకు జరిగింది. ఈ పాత దుర్బిణుల్లో బొమ్మ తలకిందులుగా కనిపిస్తుంది. ఆమె ఒక కన్ను మూసి చూసి, కొడవలి కింద పడేసింది.

"అయ్యో నాయనా! లచ్చన్న తలకిందులుగా ఏలాడతాండాడే!"

ఇక చూడాలి. చేనంతా వరస కట్టింది. లక్ష్మన్న ఎండలో కర్ర పట్టుకుని, తనను చూసి వీళ్లెందుకు విరగబడి నవ్వుతున్నారో తెలియక బిక్కమొహం వేశాడు. అందరూ చూసేదాకా ఎస్తేరు విసుక్కోలేదు. నేనైతే మొదటిదాన్నే కసిరేవాణ్ణి. వెళ్లేటప్పుడు ఒకామె పచ్చి జొన్నకంకులు నాలుగు నా చేతిలో పెట్టి, "పెద్దాయప్ప ఎండకు వాడినాడు, కాల్సి పెట్టు పాపా" అంది.

పేరు రాయని ఊరు

ఆ ఊరి పేరు నేను రాయను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

రాయి ఊరి చివర బావి పక్కన ఉంది. సున్నం కొట్టిన గద్దె మీద, పసుపు కుంకాలతో, నూనె కారుతూ ఉంది. ఎవరి కంటికైనా తాతల నాటి నుంచీ అక్కడే ఉన్నట్టు కనిపిస్తుంది. ఊళ్లోవాళ్లు రాయప్ప అంటారు. ఇలాంటి రాళ్లకు మొక్కడం మా వైపూ ఉంది గనక నాకేమీ ఆశ్చర్యం కలగలేదు. ఎస్తేరు గద్దెకు నాలుగడుగుల దూరాన ఆగిపోయింది. కర్ర పెట్టడానికి లక్ష్మన్ననే పంపింది.

"నువ్వు దగ్గరికి వెళ్లి చూశావా ఎప్పుడైనా?" అన్నాను.

"నేనెట్ల పోతా సార్? మేము చర్చివాళ్లం. అదీగాక మా కులమేందో అడగతారు" అంది, నేల చూస్తూ.

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆ పిల్ల మీద కాదు. ఈ మాట మా బడిలో మేమెవ్వరమూ ఆలోచించలేదే అని. చిర్రెత్తినప్పుడు నేను చేసే పని ఒకటే. బావి దగ్గర కూర్చున్న నలుగురు పెద్దమనుషుల మీదికి వెళ్లి, "ఈ రాయిని ఎవరు ముట్టుకున్నారు? ఎవరు కదిలించారు?" అని గద్దించాను.

"మేమేమీ ఎరగం సామీ. మా తాతల కాలంనుంచీ అట్లే ఉండాది" అన్నాడొకాయన. తక్కినవాళ్లు లేచి తువ్వాలు దులుపుకున్నారు. ఇంజనీరుగారు జీపులో వచ్చినప్పుడూ ఇదే ప్రశ్న, ఇదే జవాబు. సర్కారు రాయిని కదిలిస్తే కేసు పెడతామని కూడా బెదిరించారట.

"సార్, మీరు రవంతసేపు గమ్మున ఉండండి" అంది ఎస్తేరు. జన్మలో నాతో అలా మాట్లాడి ఉండదు. వెళ్లి, గద్దెకు ఎదుటే ఉన్న ఇంటిముందు శెనక్కాయలు ఒలుస్తున్న ఒక ముసలమ్మకు ఎదురుగా నేలమీద కూర్చుని, తనూ ఒలవడం మొదలుపెట్టింది. ముసలమ్మ పేరు ఉరుకుందమ్మ.

"ఎవురి బిడ్డవు?" అని అడిగింది ముసలమ్మ. ఎస్తేరు దాచకుండా ఊరూ వాడా అన్నీ చెప్పింది. ముసలమ్మ ఆమెను ఒక్కక్షణం చూసింది. "ఉండనీలే. ఎండన పడి వచ్చినావు, బెల్లం నీళ్లు తాగు" అని లోపలికి కేకేసింది. గుండెల మీంచి బరువు దిగింది నాకు.

రెండు దోసిళ్లు ఒలిచాక అడిగింది ఎస్తేరు. "అవ్వా, రాయప్పకు గద్దె శానా బాగుండాది. ఎవురు కట్టిచ్చినారు?"

ముసలమ్మ మొహం విచ్చుకుంది. "ఎవురో ఏంటికి, మా ఇంటాయప్పే! ముందు సామి నేలలో తలదాకా మునిగి ఉండె. వానొస్తే బురద సామి నెత్తిమీద పారేది. గొడ్లు తొక్కేవి. మా పెద్దోడికి జరమొచ్చి లేవనప్పుడు మొక్కుకున్నాము, వాడు బతికితే సామిని పైకెక్కిస్తామని. బతికినాడు. ఊరు ఊరంతా ఒక్కపొద్దు ఉండి ఎక్కిచ్చినాము."

"ఎత్తేటప్పుడు సామి పక్కకు జరిగితే?"

"ఎట్ల జరగనిస్తాం పాపా! నాలుగుదిక్కులా మేకులు కొట్టి, సామి తలను తాకేటట్ల దారాలు కట్టి, ఆ తావు గుర్తుపెట్టుకున్నాము. ఆయప్ప గోడలు కట్టే మేస్త్రీ. నీళ్ల గొట్టం పెట్టి మేకులన్నీ ఒక్క సమంగా కొట్టినాడు. ఎంత్రుకంత గూడా జరగనీలేదు."

నేను నోరు తెరిచి వింటున్నాను. పక్కకు వెంట్రుకంత జరగనివ్వలేదు. పైకి మాత్రం ఏకంగా మూరెడు ఎత్తారు! రాయి విలువంతా దాని ఎత్తులోనే ఉందని వాళ్లకెవరు చెప్పారు? వాళ్ల లెక్కలో దేవుణ్ణి పక్కకు జరిపితే అపచారం, పైకెక్కిస్తే మర్యాద.

"ఆ మేకులు ఉండాయా అవ్వా?" ఎస్తేరు ఒలవడం ఆపేసింది.

రెండు ఉన్నాయి. ఒకటి బావి రాతిసందులో, ఒకటి ముసలమ్మ ఇంటి అరుగు అడుగున. తుప్పుపట్టి, మట్టిలో సగం కూరుకుపోయి ఉన్నాయి. ఎస్తేరు దుర్బిణి నిలబెట్టి, లక్ష్మన్న చేత రెండింటి మీదా కర్ర పెట్టించి చూసింది. రెండు మేకులూ ఒకే ఎత్తు, అంటే గద్దె ఎక్కించక ముందు రాయి తల ఉన్న ఎత్తు. పుస్తకంలో లెక్క వేసింది. మళ్లీ వేసింది. పుస్తకం నా చేతికిచ్చి, తువ్వాల్లో మొహం దాచుకుని ఏడ్చింది.

మేకుల ఎత్తు, రిజిస్టరులో ఉన్న ఎత్తు, చిటికెనవేలు మందం తేడాతో ఒక్కటే.

ముసలమ్మకు విషయం అర్థమయ్యేసరికి పెద్దమనుషులు మళ్లీ వచ్చారు. అందరి మొహాల్లోనూ భయం. "అయితే ఇంగ సామిని దింపేస్తారా?" అంది ఉరుకుందమ్మ. "దింపొద్దప్పా. మావోడి పాణం అడ్డమేసి మొక్కుకున్న మొక్కు." ఊరి పేరు బయటికి రానివ్వొద్దని పెద్దమనుషులు చేతులు పట్టుకున్నారు. ఆఫీసు కాగితంలో రాయక తప్పదనీ, పత్రికకు నేను రాసే ఈ యాత్రలో మాత్రం రాయననీ మాటిచ్చాను. రాయప్పను దింపనివ్వనని ఎస్తేరు మాటిచ్చింది. ఏ అధికారంతో ఇచ్చిందో నాకు తెలియదు. ఆమెకూ తెలియదు.

వేడి జొన్నరొట్టె, శెనక్కాయల పచ్చడి పెట్టారు. మా అన్నం మూడు గంటల్లో అరిగిపోతుంది. ఆ రొట్టెతో పొద్దుగూకేదాకా ఆకలి మాటే లేదు. తిరిగొస్తూ ఎస్తేరు అంది: "ఒక్కదాన్నే అయితే అడిగే ధైర్యం సాలలేదు సార్. మీరు అరిసి చెడగొడితిరి గాని, మీరుండారనే అడిగితి."

ఎమ్మిగనూరు

ఎమ్మిగనూరులో లక్ష్మన్న చుట్టం ఒకాయన నేతగాడు. ఇంట్లో అడుగుపెడితే మంచం వేసే చోటు లేదు, మగ్గమే ఇల్లంతా. పైన మగ్గం, కింద గుంటలో ఆయన కాళ్లు. నేను చూస్తూండగానే ఒక దారం తెగింది. ఆయన మగ్గం ఆపి, తెగినచోటు వెతికి, చిన్న ముక్క అతికి ముడి వేశాడు.

"లాగి కట్టేస్తే పోలేదా, ముక్క ఎందుకు?" అన్నాను ఊరుకోలేక.

"లాగితే ఇప్పుడు కనపడదు సామీ. ఉతికినాక ఆడ ముడుసుకుంటాది. కొన్నోడు మమ్మల్ని తిట్టుకుంటాడు" అని మళ్లీ నెయ్యడంలో పడ్డాడు. పద్దెనిమిది రూపాయలకు ఒక దుప్పటి కొన్నాను. బేరమాడబుద్ధి కాలేదు.

ఇంజనీరుగారు చెడ్డమనిషి కాదు. కుర్చీ వేయించారు, మజ్జిగ తెప్పించారు. నేను చెప్పిందంతా విని, మేకుల లెక్క చూసి, నుదురు రుద్దుకున్నారు. ఎస్తేరు గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

"మీరు చెప్పింది నిజమే కావచ్చు మాస్టారూ. పైవాళ్లకేమని రాయను? రాయి గద్దె ఎక్కిందని రాయనా? నవ్వుతారు. రాయిని పీకించి మళ్లీ పాతాలంటే ఊరు ఊరుకోదు. ఆ మూరెడూ సర్దేస్తే అన్నీ సుఖంగా పోతాయి. ఆ అమ్మాయి ఉద్యోగమూ ఉంటుంది."

"పీకక్కర్లేదు, సర్దక్కర్లేదు. రాయికి కొత్త ఎత్తు రాయండి. ఎక్కిన దేవుడు ఎక్కినట్టే ఉంటాడు. రాయి పని ఎత్తు చెప్పడమే గదా, ఏ ఎత్తున ఉంటే ఆ ఎత్తు చెబుతుంది."

"నిన్న మొన్న చేరిన పిల్ల లెక్క చూసి తెల్లవాళ్ల రిజిస్టరు దిద్దమంటారా? ఇంతకాలం ఎంతమంది సర్దుకోలేదు? సర్దితే ఏమవుతుంది?"

సర్రున వచ్చింది కోపం. వచ్చిన కోపం నోటిదాకా రాకముందే ఎందుకో చల్లారిపోయింది.

"ఏమవుతుందో నేను చెబుతాను" అన్నాను. "ముప్ఫై ఏళ్ల కింద మా తూర్పువైపు ఒక మురుగుకాలవకు మట్టాలు తీశాను. నాదీ కొత్త ఉద్యోగమే. పోయినదీ వచ్చినదీ కలిశాయి, రాయితో కలవలేదు. జానెడు తేడా. మా పైఅధికారి రాయి దగ్గరికి రాలేదు, సర్దెయ్యమన్నాడు. సర్దేశాను. ఆ ఊళ్లో ఇప్పటికీ వాన పడితే బడిలో మోకాటిలోతు నీళ్లు నిలుస్తాయి. పిల్లలు బల్లలెక్కి కూర్చుంటారు. నేను ఆ దారిన వెళ్లే బస్సు ఎక్కను."

ఈ మాట నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మా ఇంటావిడకు కూడా. సిగ్గుతో తలెత్తలేకపోయాను. ఇంజనీరుగారు మేకుల లెక్క మళ్లీ ఒకసారి చూశారు. తరవాత కలం తీసి, "రాయి గద్దె ఎక్కిందనే రాస్తాను. నవ్వితే నవ్వనీ" అన్నారు. ఎస్తేరు పని తీరు కాగితం మీద అక్కడే సంతకం పెట్టారు. ఆమెను పిలిచి, పైకి పంపే కాగితంలో ఊరి రాయి కొత్త ఎత్తు ఆమె చేతనే రాయించారు. పక్కన కొలిచినవారి పేరు రాయాలి. ఎస్తేరు చెయ్యి చీరకు తుడుచుకుని, పేరు గుండ్రంగా రాసింది.

తిరుగు బండి

బండి రెండు గంటలు లేటు. ఆదోని స్టేషనులో బెంచీ మీద ఇద్దరం జొన్నకంకులు తింటూ కూర్చున్నాం. లక్ష్మన్నే కాల్చి తెచ్చిచ్చి వెళ్లాడు. బజ్జీలు కూడా కొంది ఎస్తేరు, దారిలో తినమని. వద్దు తల్లీ, మరచెంబు ఒక్కటే ఉందన్నాను. నవ్వింది.

ఉద్యోగం నిలిచిన సంగతి వాళ్లమ్మకు చెప్పడానికి ఆదివారం వెళ్తుందట. చెబితే వాళ్లమ్మ అడిగేది ఒకటేనట, ఇంక ఎండలో తిరగక్కర్లేదు గదా అని.

తరవాత కంకి పక్కన పెట్టి అడిగింది.

"సార్, ఆ ఊరి పేరేంది?"

నాకు తెలుసు ఏ ఊరో. బడిలో నీళ్లు నిలిచే ఊరు. ఇక్కడి ఊరి పేరు నేను రాయనిది పెద్దమనుషులకు ఇచ్చిన మాట కోసం. అక్కడి ఊరి పేరు ముప్ఫై ఏళ్లుగా పలకనిది నా సిగ్గు కోసం. రైలు కూత దూరంగా వినిపిస్తుండగా చెప్పాను. చెప్పాక కళ్లనీళ్లు తిరిగాయి. ముసలితనంలో ఇదొకటి, ఆపుకుందామన్నా ఆగవు.

"ఆ రాయి ఇంగా ఆడే ఉండాదా?"

"ఉండే ఉంటుంది. ఎవరు చూశారు?"

"అయితే పోదాం సార్" అంది, సామాను నా చేతికందిస్తూ. "నేను సెలవు పెట్టుకుని వస్తా. ఈతూరి గొట్టంలో మీరు సూడండి. కర్ర నేను పట్టుకుంటా."

వానలు పడకముందే రమ్మన్నాను.